మన తరువాత ఈ బిడ్డను చూసేదెవరు?



బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి ఇబ్బందులున్న బిడ్డలను మా ఆసుపత్రికి తీసుకొచ్చే తల్లిదండ్రులు మందుల గురించి, వ్యాయామాల గురించి ఎన్నో అడుగుతారు. ఒక్క ప్రశ్న మాత్రం గొంతులోనే ఆగిపోతుంది: మేం పోయాక ఈ బిడ్డ గతేమిటి? మేమే ఆ మాట కదిపితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "దేవుడే చూసుకుంటాడు." "వాళ్ల అన్న ఉన్నాడు కదా." రెండూ మంచి మాటలే. కాని కాగితం మీద ఏమీ రాయకుండా ఆ మాటల మీదే బిడ్డ బతుకును వదిలేయడం సరికాదని మా అభిప్రాయం.

మెఫీబోషెతు కథ మీకు తెలిసిందే. కాళ్లు రెండూ పనిచేయని ఆ యోనాతాను కుమారునికి దావీదు రాజు సౌలు భూములన్నీ తిరిగి ఇప్పించాడు, తన బల్ల దగ్గర చోటిచ్చాడు. భూములు సాగుచేసే పని సీబా అనే సేవకునికి అప్పగించాడు. కొంతకాలానికి అదే సీబా యజమాని మీద లేనిపోనివి చెప్పి ఆస్తి మొత్తం తనకే ఇప్పించుకున్నాడు. నిజం బయటపడ్డాక కూడా రాజు ఇద్దరికీ చెరిసగం అన్నాడు. దావీదు ప్రేమలో లోటు లేదు. సీబాను లెక్క అడిగే మనిషే లేడు.

మన ఇళ్లలోనూ జరిగేది ఇదే. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా లేకుండా చనిపోతే భార్యకు మూడో వంతు, మిగిలినది బిడ్డలందరికీ సమానంగా వస్తుంది. ఆడ, మగ తేడా లేదు, వైకల్యం తేడా లేదు. కాని తన వాటాను తాను చూసుకోలేని బిడ్డ చేత ఎవరైనా వేలిముద్ర వేయించుకోవచ్చు. ఆ భయంతో కొందరు ఆస్తి అంతా పెద్దకొడుకు పేర రాసేస్తారు. ఆ అన్న మంచివాడే కావచ్చు. కాని అతనికి అప్పులు రావచ్చు, తమ్ముడికంటే ముందే కన్నుమూయవచ్చు. అప్పుడు ఆ ఆస్తి అతని భార్యాబిడ్డలది. తమ్ముడికి అందులో హక్కు ఉండదు.

కాబట్టి మేము చెప్పేది ఒకటే. బిడ్డను చూసుకునే చెయ్యి ఒకటి, డబ్బు చూసుకునే చెయ్యి మరొకటి ఉండాలి. ఒకరి పనిని ఒకరు అడగగలగాలి. బిడ్డ వాటాను వీలునామా ద్వారా ఒక ట్రస్టుకు రాసి, ఇద్దరు ముగ్గురిని ధర్మకర్తలుగా పెట్టవచ్చు. పొలం, ఇల్లు ఉన్నవారు దీనికి వకీలు సలహా తీసుకోవాలి. ఇతర మతాలవారికి వారసత్వ నియమాలు వేరుగా ఉంటాయి గనుక వారూ అడిగి తెలుసుకోవాలి.

ఇక బిడ్డను చూసుకునే మనిషి సంగతి. బిడ్డకు 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులైనంత మాత్రాన చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. ఇది చాలామందికి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. దీని కింద జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీకి తల్లిదండ్రులు గాని బంధువులు గాని దరఖాస్తు పెట్టవచ్చు. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లోగా బిడ్డ ఆస్తుల జాబితా, ఆపైన ఏటా లెక్కలు అప్పగించాలి. బిడ్డను నిర్లక్ష్యం చేసినా, సొమ్ము తినేసినా అతన్ని తొలగించవచ్చు. సీబాను అడగని లెక్కను ఈ చట్టం అడుగుతుంది.

"ఇదంతా అన్నను అనుమానించినట్టు కాదా?" అంటారు కొందరు. కాదు. లెక్క ఉంటే రేపు బంధువులు అతని మీద నింద వేయలేరు. "మాకు ఆస్తి ఎక్కడుంది?" అనేవారూ ఉన్నారు. రెండు సెంట్ల స్థలమైనా ఆస్తే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసినవారైతే, సంపాదించుకోలేని వికలాంగ బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే వీలుంది. ఆ బిడ్డ పేరు, వైద్య ధ్రువపత్రం ఇప్పుడే ఆఫీసు కాగితాల్లో చేర్పించండి.

వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయించడం మేలు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందేవారిని గాని వారి భార్యను, భర్తను గాని సాక్షిగా పెట్టకండి. పెడితే వారికి రాసినది చెల్లకుండా పోతుంది.

మరొక కాగితం మా ఆసుపత్రి తరఫున అడుగుతున్నాం. బిడ్డ వాడే మందులు, మోతాదు, మూర్ఛ వస్తే ఏం చేయాలి, ఏ తిండి పడదు, దేనికి భయపడతాడు, ఏ పాట పెడితే ఊరుకుంటాడు, ఇవన్నీ ఒక పేజీలో రాసి పెట్టండి. ఇవి ఈరోజు అమ్మకు మాత్రమే తెలుసు.

ఇలా రాసిపెట్టడం విశ్వాసం లేకపోవడం కాదు. సిలువ మీద అంత వేదనలోనూ యేసు ప్రభువు తన తల్లిని ఎవరికి అప్పగిస్తున్నాడో నోరు తెరిచి చెప్పాడు. ఈ ఆదివారం ఆరాధన తరువాత ఇంట్లో అందరూ కూర్చోండి, అక్కచెల్లెళ్లను కూడా పిలవండి, బిడ్డకు మాట తెలిస్తే తన ఇష్టమూ అడగండి. కష్టమనిపిస్తే మీ పాస్టరుగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రభువు మీకు తోడైయుండునుగాక.