‘సర్వర్ డౌన్’ అంటే సరిపోతుందా?

‘సర్వర్ డౌన్ అయింది, రేపు రండి’ - ఆఫీసుల చుట్టూ తిరిగే వారందరికీ అలవాటైపోయిన మాట ఇది. ఆదాయం సర్టిఫికెట్టు కోసం కూలి మానుకుని వచ్చిన మనిషి, బస్సు చార్జీలు దండగ చేసుకుని తిరిగిపోతాడు. నిజంగా చెడింది సర్వరేనా అని అడిగేవారు లేరు. అడగడానికి మాటలు తెలియాలి కదా!

ఇటీవల ఒక కార్యాలయంలో కళ్లారా చూసిన సంగతి ఇది. రెండు రోజులు ‘సర్వర్ డౌన్’ అన్నారు. మూడోనాడు మెకానిక్ వచ్చి చూస్తే, బల్ల కింద ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌కి కరెంటు ఇచ్చే ప్లగ్గు వదులై ఉంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలిందట. ప్లగ్గు బిగించగానే కంప్యూటర్లన్నీ పనిచేశాయి. పాపం, నింద మోసిన సర్వర్ నిక్షేపంగా ఉంది.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక ఆఫీసులోని కంప్యూటర్లను, ప్రింటర్లను కలిపే ఏర్పాటు పేరు లోకల్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా లాన్. ఇందులో ఎక్కువగా వాడే ఈథర్‌నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో పుట్టింది. ప్రతి కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్ స్విచ్ అనే పెట్టెకు చేరుతుంది. ఏ యంత్రానికి పంపిన సమాచారాన్ని ఆ యంత్రానికే అందించడం దాని పని. మామూలు రాగి కేబుల్‌ని 100 మీటర్లు మించి లాగకూడదు. ఈ లాన్‌ని బయటి ఇంటర్నెట్‌తో కలిపేది రౌటర్. ప్రతి కంప్యూటర్‌కీ ఇంటి నెంబరు వంటి ఐపీ అడ్రసు ఉంటుంది. అడిగిన సమాచారం ఇచ్చే కంప్యూటరే సర్వర్. అది పక్క గదిలో ఉండవచ్చు, వందల మైళ్ల దూరంలోనూ ఉండవచ్చు.

ఈ నాలుగు మాటలు తెలిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు పోల్చుకోవచ్చు. స్విచ్‌పై కేబుల్ పెట్టిన చోట దీపం వెలగకపోతే ముందు కేబుల్‌నీ, ప్లగ్గునీ చూడాలి. లాన్‌లోని ప్రింటర్ పనిచేస్తున్నా బయటి సైట్లేవీ రాకపోతే రౌటర్‌నో, బయటి లైనునో అనుమానించాలి. మిగతా సైట్లన్నీ వస్తూ, కావలసిన ఒక్క సైటే రాకపోతే అప్పుడు సర్వర్ మాట ఎత్తవచ్చు.

సిబ్బందిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. నేర్పనిదే ఎవరికి వస్తుంది? ప్రతి కార్యాలయంలో కనీసం ఒకరికైనా ఈ సంగతులు నేర్పాలి. గోడమీద ‘సర్వర్ డౌన్’ కాగితానికి బదులు ఏది చెడిందో, ఎప్పుడు ఫిర్యాదు చేశారో రాసి పెట్టాలి. ఒకరోజు కూలి పోగొట్టుకున్న మనిషికి ఆ మాత్రం జవాబైనా చెప్పవద్దా? అధికారులు ఆలోచించాలి.