శాలువా కప్పారు సరే, పాట విన్నారా?

2025 జనవరిలో పద్మ పురస్కారాల జాబితా వెలువడ్డాక మన నేల మీద రేగిన రభస పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం పంపిన పేర్లలో విప్లవ గాయకుడు గద్దర్ పేరుంది. ఢిల్లీ ప్రకటించిన జాబితాలో లేదు. ఇది రాష్ట్రానికి అవమానమన్నారు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి. తమ పార్టీ కార్యకర్తల చావులకు కారకుడని తాము భావించే మనిషికి పద్మ ఎలా ఇస్తామని ఎదురడిగారు కేంద్ర సహాయమంత్రి బండి సంజయ్. ఆ వేడి చల్లారేలోపే జూన్ వచ్చింది. నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట సినిమా అవార్డులు హైదరాబాదులో అట్టహాసంగా పంచారు; ఉత్తమ నటుడి బహుమతి ‘పుష్ప-2’ కథానాయకుడికి దక్కింది. ‘ఒరేయ్ రిక్షా’ పాటకొచ్చిన నందిని వద్దుపొమ్మన్న మనిషి పేరు మీద సినిమా వాళ్ళకు బహుమతులు! ఇందులోని వెటకారం సంగతి అలా ఉంచుదాం. మా ఫిర్యాదు వేరు. పద్మ ఇవ్వాల్సిందే అన్నవాళ్ళూ, ఇచ్చేది లేదన్నవాళ్ళూ, పేరు పెట్టి పండగ చేసినవాళ్ళూ ఇంత మాట్లాడారు కదా, అందులో ఆయన పాట గురించి చెప్పింది ఎంత? ఏ బాణీ ఎక్కడిది, ఏ చరణం ఎవరికి జవాబు, ఏ పాట నిలిచింది, ఏది ఆనాటి కరపత్రంతోపాటే పాతబడిపోయింది అని అడిగిన గొంతు ఆ గోలలో మాకు వినబడలేదు.

వీధిపాట విషయంలో మన రాజ్యానికి రెండే పనులు వచ్చు: లోపల వేయడం, లేదా శాలువా కప్పడం. రెండూ పాట వినకుండానే చేయవచ్చు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసినందుకు గరిమెళ్ళ సత్యనారాయణను జైల్లో పెట్టిన కాలంలో బ్రాకెన్ అనే కలెక్టరు ఆ పాటను ఆయన చేతనే పాడించుకుని, భాష తెలియకపోయినా ఇందులో శక్తేమిటో తెలుస్తోందని అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, పాటకు శిక్ష వేసేముందు పాట వినాలన్న కనీస మర్యాద అందులో ఉంది. తర్వాతి పాలకులకు ఆ ఓపిక కూడా లేకపోయింది. అదే గరిమెళ్ళ స్వతంత్ర భారతంలో, 1952లో, మద్రాసులో దరిద్రంతో పోయాడు. జముకుల కథ చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో రంగమటియ కొండల్లో పోలీసుల తూటాలకు బలయ్యాడు. అంతకు ఏడాది ముందే దిగంబర కవులు తమ మూడో సంపుటిని మన విశాఖలోనే ఎడ్ల యాదమ్మ అనే బిచ్చగత్తె చేత ఆవిష్కరింపజేశారు. లండన్‌లో గానీ హాంబర్గ్‌లో గానీ జుట్టు నిలబెట్టుకుని, చిరుగుల చొక్కాలేసుకుని మర్యాదస్తుల మొహాన అరిచే పంక్ గుంపులు పుట్టడానికి అప్పటికింకా చాలా ఏళ్ళుంది. ఆ దిగంబర కవుల్లో జ్వాలాముఖిని, నిఖిలేశ్వర్‌ను, చెరబండరాజును 1971లో ముందస్తు నిర్బంధంలో పెట్టారు. 2005లో విప్లవ రచయితల సంఘాన్నే (విరసం) నిషేధించారు; కొన్ని నెలలకు ఆ నిషేధం పోయింది. వీటిలో ఏ సందర్భంలోనూ ఆ మాటలు కవిత్వమేనా, అయితే ఎలాంటి కవిత్వం అన్న ప్రశ్న వీధి దాకా రాలేదు. నిషేధించినవాడికి అందులో కుట్ర కనబడింది, సమర్థించినవాడికి త్యాగం కనబడింది. కళ కనబడినవాళ్ళు తక్కువ.

గద్దర్ కోసం తెలంగాణలో కనీసం కొట్లాటైనా జరిగింది. ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు కోసం అదీ లేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో కొలువు చేసి, 1972 నుంచి విప్లవ కళాబృందం జననాట్యమండలితో నడిచి, 2020 ఆగస్టు 4న కన్నుమూసిన మనిషి. ప్రభుత్వం చివరి రోజుల్లో కళారత్న ఇచ్చి చేతులు దులుపుకుంది. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ పాట రాని తెలుగువాడు అరుదు. అది ఎవరిదో తెలియనివాడు మాత్రం అరుదు కాదు. 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమా దాన్ని ఊరూరికీ మోసింది. 2009లో ‘మగధీర’లో తన పల్లవిని అడగకుండా వాడుకున్నారని వంగపండే అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. ఈ రెండు సినిమాల మధ్య పాటకు ఏం జరిగిందో చూస్తే మన రోగం తెలుస్తుంది. ఆ పాట పిలుపుగా మొదలవుతుంది. జాతరకో సంబరానికో రమ్మనే పడుచుపిలుపు లాంటి మాటలతో మనిషిని లేవదీసి, తీరా శ్రీకాకుళం కొండల దారి పట్టిస్తుంది. సరసపు బాణీలో తిరుగుబాటును కూర్చడం, వినేవాడు అడుగు కలిపాక గాని ఎక్కడికి పోతున్నాడో తెలియకపోవడం: పాటలోని నేర్పంతా ఇక్కడుంది. వ్యాపార సినిమా పిలుపును తీసుకుని దారిని వదిలేసింది. కళారత్న ఇచ్చినవాళ్ళు మాత్రం ఇంకేం చేశారు? మనిషిని వేదిక మీదికి పిలిచారు, పాట వెళ్ళిన దారిని తలవలేదు. ఇక ‘భూమి భాగోతం’ సంగతి. మన తూర్పు పల్లెల భాగోతపు పేరునీ ఆటనీ తీసుకుని భూమి కథను ఆడించిన ఆ రూపకాన్ని నాటక చరిత్రల్లో వెతుక్కోవాల్సిన గతి ఎందుకు పట్టింది?

ఇలాంటి పాటను మరోలా విచారించవచ్చునా అంటే, విచారించినవాళ్ళున్నారు. 1979లో హాంబర్గ్‌లో స్లైమ్ అనే బృందం పుట్టింది. సంగీత పాఠశాలల చాయలకు పోని కుర్రాళ్ళు, మూడు గిటారు మెట్లు, బొంగురు గొంతు, జనమంతా కలిసి అరవగల పల్లవి. వీధి పంక్ అంటే అంతే. వాళ్ళ తొలి ఆల్బం 1981లో వచ్చింది. మనం బతకాలంటే జర్మనీ చావాలి అనే అర్థం వచ్చే పాట అందులోదే. బెర్లిన్‌లో ఒక ప్రదర్శనలో ఆ పాట వేసినందుకు రాజ్యాన్ని అవమానించారని కేసు పెట్టి, కింది కోర్టులు శిక్ష వేశాయి. 2000 నవంబరు 3న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఆ శిక్షను కొట్టేసింది. తీర్పుకన్నా తీర్పిచ్చిన తీరు మనకు ముఖ్యం. న్యాయమూర్తులు మొదట పాట చదివారు. అది దేన్ని చూసి రాసిన జవాబో వెతికారు. హాంబర్గ్‌లో డామ్‌టోర్ రైల్వే స్టేషన్ దగ్గర 1936లో నాజీల హయాంలో లేచిన ఒక యుద్ధ స్మారకం ఉంది. మేం చచ్చినా సరే జర్మనీ బతకాలి అనే అర్థంలో దాని మీద అక్షరాలు చెక్కారు. పాట ఆ రాతిని తలకిందులు చేస్తోందని కోర్టు గుర్తించింది. అతిశయోక్తిని అతిశయోక్తిగా చదవాలంది. సిలేషియా నేతగాళ్ళ మీద హైనే 1844లో రాసిన కవితను తలుచుకుంది. ఒక వీధి గుంపు కేకను జాతీయ మహాకవి వరసలో నిలబెట్టి చూడటానికి ఆ కోర్టుకు చిన్నతనం అనిపించలేదు. మెచ్చుకోమని ఎవరికీ చెప్పలేదు. ఇది కళ, కళను కళగా చదివాకే శిక్ష మాట ఎత్తండి అంది. ఆ బృందమే 2012లో ఎరిష్ మ్యూజామ్ కవితలకు బాణీలు కట్టి ఆల్బంగా తెచ్చింది. 1934లో ఒరానియెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో నాజీలు చంపిన కవి ఆయన. పాణిగ్రాహి పాటలకు మన కుర్ర బృందాలు అంత పని ఎన్ని చేశాయి?

జర్మనీని చూసి మురిసిపోనక్కర్లేదనీ, పోలీసులను తిట్టిన పాట కోసం ఆ తొలి ఆల్బంనే 2011లో పిల్లలకు హానికరమైన వాటి జాబితాకెక్కించారనీ అంటారేమో, నిజమే. అంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకోటుంది: స్లైమ్ ఒట్టి పాటల గుంపు, జననాట్యమండలి సాయుధ పార్టీ వెంట నడిచింది, రెంటికీ పోలికేమిటని. ఆ తేడా ఉంది, కాదనం. అయితే ఆ తేడాయే మా వాదానికి బలం. ఒక మనిషి నేరం చేశాడంటే సాక్ష్యం పెట్టి రుజువు చేయాల్సిన చోటు కోర్టు. పాట బాగోగులు తేల్చాల్సిన చోటు విమర్శ. రెంటినీ కలగలిపి టీవీ స్టూడియోలో తీర్పులు చెప్పడం న్యాయమూ కాదు, విమర్శా కాదు. పైగా ఏ గద్దర్‌కి ఇవ్వాలి లేదా ఇవ్వకూడదు? గోచీ పెట్టి, గొంగడి కప్పి, కాలికి గజ్జె కట్టి 1972లో మొదలైనవాడికా? 1985 నుంచి అయిదేళ్ళు అజ్ఞాతంలో ఉన్నవాడికా? 1997 ఏప్రిల్ 6న ఇంటి గుమ్మంలో తూటాలు తిన్నవాడికా? 2018లో జీవితంలో మొదటిసారి ఓటేసినవాడికా? 2023లో ఎన్నికల పార్టీ పెట్టి ఆ ఆగస్టులోనే వెళ్ళిపోయినవాడికా? మనిషి అన్నిసార్లు మారాడు. మారిన మనిషిని పట్టుకుని పాటకు మార్కులు వేయడం ఎంత తప్పో, పాటను చూపించి మనిషి చేసినవన్నీ మాఫీ చేయడమూ అంతే తప్పు. విప్లవాభిమానులూ ఈ రెండో తప్పు చేస్తూనే వచ్చారు. అమరుల సభలో పాడిన ప్రతి పాటా గొప్పదే అనే భక్తి, విననివాడి ద్వేషానికి కవలపిల్ల. వందల పాటలు కట్టిన ఏ కవి దగ్గరైనా నాసిరకం పాటలు ఉండకుండా ఎలా ఉంటాయి? వాటిని వేరుచేసి చెప్పగలిగిన విమర్శే మంచి పాటకు ఇచ్చే గౌరవం.

ఈ మాట ఇప్పుడే అనడానికి కారణముంది. వీధిపాటకు వీధి కావాలి. ఫ్యాక్టరీ గేటు, షిఫ్టు దిగే జనం, సంత, సమ్మె శిబిరం కావాలి. మన గోస్తనీ ఒడ్డున చిట్టివలస జూట్ మిల్లుకు 2009లో తాళం పడింది. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న విశాఖ ఉక్కు కర్మాగారాన్ని అమ్మకానికి పెట్టాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించాక కూర్మన్నపాలెం శిబిరంలో పాట మళ్ళీ లేచింది. అక్కడ లేచినవి సెల్‌ఫోన్లలో ఉన్నాయి; ఫోను మారితే పోతాయి. గేట్లు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే పాటకు మిగిలేది వేదికే. వేదిక మీద పాట పొడుగు తగ్గుతుంది, పదును తగ్గుతుంది, చివరికి పల్లవి మాత్రం మిగులుతుంది. వంగపండు పాట అచ్చులో ఒకలా ఉంటుంది, సినిమాలో ఇంకోలా ఉంటుంది, జనం నోట మరోలా ఉంటుంది. షిప్‌యార్డు కార్మికుల ముందు పాడిన చరణాలే కొండ ఊళ్ళో పాడాలని లేదు. ఎదుట కూర్చున్నవాళ్ళను బట్టి చరణం పెరిగి తరగడం ఈ కళకు ప్రాణం. ఆ తేడాలు తెలిసిన సహగాయకులు, డప్పు పట్టినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. పరిశోధనలు కొన్ని వచ్చాయి, పాటల పుస్తకాలూ వచ్చాయి. కాని అన్నమయ్య రాగిరేకుల మీద, త్యాగరాజు పాఠాంతరాల మీద మన పండితులు పెట్టిన శ్రద్ధలో పదోవంతు వీటి మీద పెట్టారా?

కాబట్టి అవార్డుల జాబితా పంపేవారికీ, అందులోంచి పేర్లు కొట్టేసేవారికీ మేం కోరేది ఒకటే: పతకం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, ముందు పాటను మాకు అప్పగించండి. వంగపండు పాటలన్నిటికీ శాస్త్రీయమైన సంపుటి కావాలి. ఏ పాట ఎప్పుడు కట్టారు, ముందెక్కడ పాడారు, బాణీ జముకుల కథదా, తప్పెటగుళ్ళదా, జాలరి పాటదా, ఎన్ని పాఠాలున్నాయి, ఎవరి గొంతులో రికార్డయి ఉంది అన్న వివరాలు దానిలో ఉండాలి. 1926లో పుట్టి నూరేళ్ళ పండగకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలోనే ఉంది; ఈ పనికి అంతకన్నా దగ్గరి ఇల్లు లేదు. గద్దర్‌కి తెలంగాణ విశ్వవిద్యాలయాలు ఇదే పని చేయాలి. ఒక్క అవార్డుల రాత్రికయ్యే ఖర్చులో చిన్న భాగం చాలు. అది జరిగాక, పుస్తకం ముందు పెట్టుకుని ఈ పాట హింసను రెచ్చగొట్టిందని ఎవరైనా వాదించనీ, ఇది మహాకవిత్వమని ఇంకొకరు వాదించనీ. రెండు వాదాలకూ ఈ పత్రికలో చోటిస్తాం. పాట తెలియకుండా తెచ్చే శాలువాకూ సంకెలకూ మాత్రం మా దగ్గర ఒకే విలువ.