తిరిగొచ్చే చోటు

మొన్న జమ్మికుంట వెళ్ళినప్పుడు, సాయంత్రం పూట నేను చదువుకున్న కాలేజీ మైదానం వైపు నడిచాను. మా రోజుల్లో పాతిన బాస్కెట్‌బాల్ స్తంభాలు రెండూ ఇంకా నిలబడే ఉన్నాయి. ఒకదానికి వల లేని ఇనుప రింగు మిగిలింది. రెండోదానికి అదీ లేదు. ఆరడుగులు దాటిన కుర్రవాడొకడు ఒంటరిగా బంతి వేసుకుంటున్నాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన, "గింత పొడుగున్నడు, అమెరికా తోలిస్తే అయిపోతది గద సార్!" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. తోలిస్తే నిజంగా అయిపోతుందా?

మన దేశం నుంచి అలా వెళ్ళినవాడు సత్నాం సింగ్. పంజాబులోని బల్లోకే అనే పల్లెటూరివాడు, ఏడడుగుల పైన రెండంగుళాల పొడవు. లూథియానాలో ఆట నేర్చి, 2010లో పద్నాలుగేళ్ళ వయసున ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్ళాడు. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు అతణ్ణి 52వ స్థానంలో ఎంచుకుంది. భారతదేశంలో పుట్టిన వ్యక్తి ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపిక కావడం అదే మొదలు. అతనిపై డాక్యుమెంటరీ కూడా వచ్చింది. తీరా చూస్తే, అతడు ఎన్‌బీఏ లీగులో ఒక్క మ్యాచీ ఆడలేదు. అనుబంధ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు, అవీ కొద్ది నిమిషాల చొప్పున గడిచాయి. తర్వాత కెనడాలో కొంతకాలం ఆడాడు. 2019 చివరి నుంచి డోపింగు నిషేధం రెండేళ్ళు. 2021లో అమెరికా వినోద కుస్తీలో చేరాడు.

తప్పంతా దేశానిదే అనను. అతని తప్పులు అతనివి. అయితే పందొమ్మిదేళ్ళ ఆటగాడికి అన్నిటికన్నా కావలసింది మ్యాచులు. అక్కడ బెంచీ మీద కూర్చోవలసి వస్తే, ఇంటికి వచ్చి ఏడాది పొడవునా జీతానికి ఆడేందుకు నిలకడైన లీగు మన దగ్గర లేదు. ముందుకు దారి మూసుకుపోయినప్పుడు వెనక్కి వచ్చేందుకూ చోటు లేకపోయింది.

కేరళకు చెందిన గీతు అన్నా జోస్ ఉదాహరణ వేరు. 2006 నుంచి మెల్‌బోర్న్‌లోని రింగ్‌వుడ్ క్లబ్బుకు ఆడింది, ఆస్ట్రేలియాలో వృత్తిపరంగా ఆడిన తొలి భారతీయ మహిళా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణిగా పేరు తెచ్చుకుంది. 2011లో అమెరికాలో డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ఎంపిక పరీక్షలకు వెళ్ళింది, అవకాశం దక్కలేదు. అయినా ఆట ఆగలేదు. దక్షిణ రైల్వే ఉద్యోగం, రైల్వే జట్టు ఆమెకు ఉన్నాయి.

ఆట వేరైనా, మనకు దగ్గరి మనిషి గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, ఫుట్‌బాల్ క్రీడాకారిణి. 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. అక్కడి నుంచి తిరిగొచ్చాక ఆమె కథ ముగియలేదు. ఇండియన్ విమెన్స్ లీగు ఉంది కనుక మళ్ళీ ఆడింది. 2024-25లో ఆ లీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. ఆ ఏడాదికి జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారమూ ఆమెదే. జాగ్రెబ్ ఆమె బతుకులో ఒక అధ్యాయమే అయింది, చివరి పేజీ కాలేదు.

ఆ లీగు గొప్పగా నడుస్తోందని ఎవరూ అనరు. ముగ్గురి కథలతో సిద్ధాంతం నిలబడదని కూడా ఒప్పుకుంటాను. అయినా ఒక సంగతి స్పష్టం: విదేశం వెళ్ళిన ఆటగాణ్ణి నిలబెట్టేది విమానం టిక్కెట్టు కాదు, ఇక్కడ ప్రతి వారం జరిగే మ్యాచు. మనం మాత్రం వెళ్ళిననాడు పూలదండ వేస్తాం, వచ్చిననాడు మొహం తిప్పుకుంటాం.

అందుకే ఆ పెద్దాయనకు ఇవ్వవలసిన జవాబు ఇప్పుడు తోస్తోంది. ఆ పిల్లవాణ్ణి అమెరికా తోలడం తర్వాతి మాట. ముందు రెండో స్తంభానికి రింగు బిగించాలి. హుజూరాబాద్ నుంచో, పెద్దపల్లి నుంచో ఒక జట్టు వచ్చి వీళ్ళతో ఆడాలి. ఈల ఊదడానికి నియమాలు తెలిసిన మనిషి ఉండాలి. పత్తి అమ్మకానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ఊరికి ఒక ఆటల జట్టును రప్పించడం అంత కష్టమా?

నేను చూసినంతసేపూ ఆ కుర్రవాడు ఒక్క వైపే ఆడాడు. రెండో వైపు ఆడటానికి రింగూ లేదు, ఎదుటి జట్టూ లేదు.