ఎవరికీ చెప్పనంటే చెబుతా

సంక్రాంతి వెళ్ళాక వారం రోజులు దొరవారిసత్రంలో ఉండి వచ్చాను. అల్లుడికి అక్కడికి బదిలీ అయింది. నేలపట్టు చెరువులో గూడబాతులను చూపిస్తామని పిలిచారు, చూశాను కూడాను. కొమ్మ కొమ్మకూ గూళ్ళు, గూళ్ళ నిండా పిల్లలు, చెవులు చిల్లులు పడే గోల. ఆ చెరువులో ఏ పక్షికీ రహస్యమన్నది ఉన్నట్టు లేదు. కాని ఈ వారం రాయబోయేది పక్షుల సంగతి కాదు, మా మనవరాలి పుస్తకం సంగతి.

పిల్లకు పదిహేనేళ్ళు. అన్నం దగ్గర పుస్తకం, మంచం మీద పుస్తకం. పిలిస్తే "ఊఁ" తప్ప మాట లేదు. ఏమిటే అది అంటే, "డిటెక్టివ్ కథలాంటిది అమ్మమ్మా" అంది. ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. 1965లో నాకూ పదిహేనేళ్ళే. కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు అద్దెకు తెచ్చి, లెక్కల పుస్తకం మధ్య పెట్టుకుని చదివేవాళ్ళం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మాకు ఇంటి చుట్టాల కంటే దగ్గర. ఎవరో మహానుభావుడు ఆఖరి పేజీ చింపుకుపోతే, హంతకుడెవరో తెలియక నేనూ నా స్నేహితురాలూ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మనవరాలి పుస్తకం పేరు 'ప్రెట్టీ లిటిల్ లయర్స్'. సారా షెపర్డ్ అనే అమెరికా రచయిత్రి రాసింది. 2006లో మొదలుపెట్టి 2014 దాకా 16 భాగాలు వేశారు. 2010 నుంచి 2017 వరకు టెలివిజన్ సీరియల్‌గానూ వచ్చింది. ఐదుగురు స్నేహితురాళ్ళు. వారిలో నాయకురాలు ఆలిసన్ ఒక రాత్రి మాయమవుతుంది. తక్కిన నలుగురికీ తలొక రహస్యం. అవి తెలిసింది ఆలిసన్‌కే. మూడేళ్ళ తరువాత 'ఎ' అనే పొడి అక్షరంతో సందేశాలు రావడం మొదలవుతాయి. రాసేవాళ్ళెవరో తెలియదు, రహస్యాలు మాత్రం అన్నీ తెలుసు!

నేను రెండు భాగాలు చదివాను. నిజం చెప్పొద్దూ, బట్టలూ చెప్పుల వర్ణన తగ్గిస్తే పుస్తకం సగమవుతుంది. మన ఇళ్ళలో పెద్దలు ముఖం చిట్లించే సంగతులూ లేకపోలేదు. అయినా ఒకచోట ఆగిపోయాను. యుగంధర్ కథలో నేరం ఎక్కడో జరుగుతుంది, మనం చాప మీద బోర్లా పడుకుని చూస్తాం. ఇక్కడ ఆ పిల్లలకు భయం హంతకుడంటే కాదు, ఇంట్లో తెలిసిపోతుందని. ఆ భయమే 'ఎ' చేతిలోని కత్తి.

ఆ రాత్రి మనవరాలితో, ఎన్నడూ ఎవరితోనూ అనని మాట ఒకటి చెప్పాను. ఆఖరి పేజీ లేని నవల నాతో కలిసి చదివిన స్నేహితురాలికి, ఒకబ్బాయి ఉత్తరం రాశాడు. తను జవాబివ్వలేదు. పొయ్యిలో పడేసి, భయం వేసి నాతో చెప్పింది. ఎవరితోనూ అననని ఒట్టు వేశాను. "నీకొక్కదానికే" అంటూ ఇంకొక పిల్ల చెవిన వేశాను. మూడో రోజుకు వాళ్ళ నాన్నగారికి తెలిసింది. బడి మానిపించారు. వైశాఖంలో పెళ్ళయిపోయింది. ఎవరు చెప్పారని తను నన్నెన్నడూ అడగలేదు. అడిగినా బాగుండేది.

మనవరాలు పుస్తకంలో వేలు పెట్టి మూసింది. "మరి దాచిపెట్టినా తప్పయితే, అమ్మమ్మా?"

పేరు అడగలేదు. "ఆ పిల్ల అన్నం తింటోందా?" అన్నాను.

"లేదు. ఫోను మోగితే వణికిపోతోంది."

"అయితే నువ్వు చెప్పకు. తన చేతనే చెప్పించు. నువ్వు పక్కన కూర్చో."

"వాళ్ళమ్మ చంపేస్తుందిట."

ఈ మాట నేను 1965లోనూ విన్నాను. ముందు మన ఇంటికి తీసుకురమ్మన్నాను. (చెప్పుకునే పెద్దదిక్కు లేని పిల్లల కోసం 1098 అనే నంబరు ఉంది, డబ్బు పడదు. పాఠకులు తమ పిల్లలకు చెప్పి ఉంచడం మంచిది.)

మర్నాడు చీకటి పడేవేళకు ఇద్దరూ వచ్చారు. కాఫీ చల్లారిపోయేదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు. విప్పాక ఏం చెప్పిందో ఇక్కడ రాయను; ఒకసారి నోరు జారినదాన్ని. ఆ తరువాత నలుగురం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం, మా అమ్మాయి కూడా. వాళ్ళమ్మగారు కూతుర్ని చంపలేదు. కాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, "మొదటి రోజే ఎందుకు చెప్పలేదే" అంది.

రైలెక్కేటప్పుడు మనవరాలు మూడో భాగం నా సంచిలో పెట్టింది. గూడూరు దాటేదాకా దాన్ని తెరవలేదు.