గుంటూరు మిరపకాయలూ, ఢాకా చొక్కాలూ

2020 జూలైలో, లాక్‌డౌన్ రోజుల్లో, గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి ఎండుమిరపకాయలతో ఒక పార్సిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కి వెళ్ళింది. 16 వ్యాన్లు, 384 టన్నులు. దేశం దాటించి ఇలాంటి పార్సిల్ రైలు నడపడం ఇదే మొదటిసారని రైల్వే వాళ్ళు ఘనంగా ప్రకటించుకున్నారు. లారీలో అయితే టన్నుకి 7,000 రూపాయలయ్యేది రైల్లో 4,608 అయ్యిందట.

గొప్ప సంగతే, కాదనను. కానీ ఏళ్ళ తరబడి మన మిర్చి కొంటున్న పక్క దేశానికి ఒక రైలు పంపడం 2020లో వార్త కావడమేంటండీ? పెట్రాపోల్ సరిహద్దు దగ్గర మామూలుగా జరిగే తంతు చూస్తే అర్థమవుతుంది. మన లారీలోంచి సరుకు దించి వాళ్ళ లారీలోకి ఎక్కించాలి. ఈ సరిహద్దు దాటడానికి 138 గంటలు పడుతోందని 2021లో ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. అదే రిపోర్టులో ఇంకో మాట: మన కంపెనీకి బంగ్లాదేశ్‌తో కంటే బ్రెజిల్‌తోనో జర్మనీతోనో వ్యాపారం చేయడం 15-20 శాతం చవక! దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం మొత్తంలో అయిదు శాతం చుట్టుపక్కలే ఆగిపోయింది. ఆసియాన్ దేశాల్లో అది ఇరవై దాటుతుంది.

ఎందుకిలా అంటే అందరూ పాకిస్తాన్ పేరు చెబుతారు. 1985లో ఢాకాలో పుట్టిన సార్క్‌కి 2014 ఖాట్మండు సమావేశం తర్వాత ఇంకో శిఖరాగ్రం జరగలేదు, నిజమే. కానీ బంగ్లాదేశ్, నేపాల్ విషయంలో కూడా పాకిస్తానేనా అడ్డం? నాకలా అనిపించదు. అసలు తేడా వేరే ఉంది.

1930లలో అకమట్సు అనే జపాన్ ఆర్థికవేత్త ఒక పోలిక చెప్పాడు. అడవి బాతులు బారు కట్టి ఎగిరినట్టు దేశాలు ఒకదాని వెనక ఒకటి పైకొస్తాయని. ముందున్న దేశంలో జీతాలు పెరిగితే బట్టల్లాంటి పనులు గిట్టుబాటు కావు. అవి వెనకున్న దేశానికి జారతాయి. ముందున్నది ఇంకాస్త కష్టమైన పని పట్టుకుంటుంది. జపాన్ నుంచి కొరియా, తైవాన్‌లకి అలాగే వెళ్ళాయి. 1985 ప్లాజా ఒప్పందం తర్వాత మూడేళ్ళలో యెన్ విలువ డాలరుతో పోలిస్తే దాదాపు రెట్టింపైంది. దాంతో జపాన్ ఫ్యాక్టరీలు థాయిలాండ్‌కీ మలేసియాకీ క్యూ కట్టాయి. ఈ మధ్యనే చూడండి, శామ్‌సంగ్ 2009లో వియత్నాంలో ఫోన్లు చేయడం మొదలెట్టి, 2019కల్లా చైనాలో తన చివరి ఫోన్ ఫ్యాక్టరీ మూసేసింది.

ఇందులో ప్రేమా దోమా ఏమీ లేవు, లెక్కలే. కొరియా కథ వింటే తెలుస్తుంది. 1970లలో ఏ దేశం ఎన్ని బట్టలు అమ్మొచ్చో అమెరికా, యూరప్ కోటాలు పెట్టాయి. కొరియా కోటా నిండిపోయింది. అప్పుడు దేవూ కంపెనీ కోటా వాడుకోని దేశం వెతుక్కుంటూ బంగ్లాదేశ్ వచ్చి, దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుంది. 1979లో ఆ కంపెనీ వాళ్ళు 130 మంది కొరియాలోని బుసాన్ వెళ్ళి పని నేర్చుకొచ్చారు. తర్వాత కొన్నేళ్ళలో వాళ్ళలో వందమందికి పైగా బయటికెళ్ళి సొంత ఫ్యాక్టరీలు పెట్టడమో, పక్క ఫ్యాక్టరీల్లో చేరడమో చేశారు. ఇవాళ బంగ్లాదేశ్ బట్టల ఎగుమతి ఏడాదికి దాదాపు 4,000 కోట్ల డాలర్లు. (2013లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయింది కూడా ఈ కథలోనే. అది మర్చిపోయి చప్పట్లు కొట్టలేం.)

కుట్టుపని నేర్పింది ఎక్కడో ఉన్న కొరియా, పక్కనే ఉన్న మనం కాదు. ఇదే నా పాయింటు.

మనం ఏమీ చేయలేదని కాదు. 2011లో మద్యం, పొగాకు లాంటి 25 సరుకులు తప్ప మిగతావాటికి బంగ్లాదేశ్ నుంచి సుంకం ఎత్తేశాం. సుంకం పోయింది గానీ సరిహద్దు పోలేదు. 2025లో అయితే ఇద్దరూ పోటీ పడ్డారు. ఏప్రిల్‌లో మన ఓడరేవుల్లోంచీ విమానాశ్రయాల్లోంచీ వాళ్ళ సరుకు వేరే దేశాలకి వెళ్ళే వీలు మనం తీసేశాం. అదే నెలలో భూమార్గాన మన నూలు రాకుండా వాళ్ళు ఆపారు. మేలో వాళ్ళ రెడీమేడ్ బట్టలు కలకత్తా, నవా షేవా రేవుల్లోనే దిగాలని మనం రూలు పెట్టాం. మన పత్తి, మన నూలు వాళ్ళ చొక్కాలోనే ఉందన్న సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.

మీరు అడగబోయేది తెలుసు. బీహార్ తలసరి ఆదాయం బంగ్లాదేశ్‌లో సగం కూడా లేదు కదా, కుట్టుపని మన బీహార్‌కి ఇవ్వక వాళ్ళకెందుకివ్వాలి? ఇది గట్టి ప్రశ్నే. జపాన్‌కి ఇంట్లో బీహార్ లేదు. మన దగ్గర ముందు బాతూ వెనక బాతూ ఒకే దేశంలో ఉన్నాయి, పైగా ఓట్లు వెనక బాతువి. కానీ ఢాకా చొక్కాని బోర్డర్లో ఆపినంత మాత్రాన పాట్నాలో ఫ్యాక్టరీ లేస్తుందా? ఆ చొక్కాల్లో ఎక్కువ భాగం వెళ్ళేది యూరప్‌కీ అమెరికాకీ. అక్కడ మనని దాటి పోయింది బంగ్లాదేశ్, వియత్నాం. కరెంటూ, రోడ్లూ, పెద్ద ఫ్యాక్టరీ పెట్టనిచ్చే చట్టాలూ మన చేతిలోవి. వాటికి పక్కవాడి లారీ ఆపడం మందు కాదు.

ఇంకోటి. ఉద్యోగాలు ఎగరేసుకుపోతున్నారని అమెరికాలో గొడవైనప్పుడల్లా మనం ఏం చెబుతాం? "మీకు చవకగా పనవుతోంది, మీ కంపెనీలు పెరుగుతున్నాయి, మీరు ఇంకా పై పని చూసుకోండి" అనే కదా. వై2కే రోజుల్నించీ మన జీతాలు నిలబడ్డది ఆ వాదన మీదే. మనకంటే వెనకున్నవాడు అదే మాటంటే చేదుగా ఉండటం ఏం న్యాయమో :)

కరెంటు విషయంలో కాస్త నయం. నేపాల్ నుంచి బంగ్లాదేశ్‌కి మన గ్రిడ్ మీదుగా 40 మెగావాట్లు పంపడానికి 2024 అక్టోబర్లో మూడు దేశాలూ సంతకాలు చేశాయి. నవంబర్ 15న కరెంటు పారింది. ఒప్పందం ప్రకారం ఆ ఏడు సీజన్‌కి అదే ఆఖరి రోజు, కాబట్టి ఒక్క రోజుతో ఆగి, మళ్ళీ 2025 జూన్‌లో మొదలైంది. సిలిగురి దగ్గర ఆ రెండు దేశాల మధ్య ఉన్న మన నేల పాతిక కిలోమీటర్ల లోపే. కరెంటు మాత్రం బీహార్‌లోని ముజఫర్‌పూర్, బెంగాల్లోని బహరంపూర్ చుట్టూ తిరిగి వెళ్తోంది. వెళ్తోంది, అదే పదివేలు.