బూట్లు దొరికాయి... గుమ్మం దాటాలి!

ఓ వృద్ధాశ్రమం. వేళకి తిండి, వేళకి నిద్ర. అక్కడున్న ఓ పెద్దాయన ఒకప్పుడు మారథాన్‌ పరుగెత్తిన మనిషి. ఇప్పుడు చేయడానికి ఏమీ లేదు. ఓ రోజు తన పాత బూట్లు కంటపడతాయి. తొడుక్కుని గుమ్మం వైపు పరుగు తీస్తాడు. సిబ్బంది పట్టుకుంటారు. మళ్లీ పరుగు... మళ్లీ పట్టుకుంటారు. చివరికి బూట్లే లాగేసుకుంటారు. పెద్దాయన డీలా పడిపోతాడు. అప్పుడు కదులుతారు తోటివాళ్లు!

ఇది సినిమా కథ కాదు. అడిడాస్‌ బూట్ల మీద తీసిన నిమిషంన్నర ప్రకటన. పేరు ‘బ్రేక్‌ ఫ్రీ’. తీసింది మాత్రం ఆ కంపెనీ కాదు. జర్మనీలో లుడ్విగ్స్‌బర్గ్‌ అనే ఊళ్లోని ఫిల్మ్‌ అకాడమీలో అప్పట్లో చదువుకుంటున్న ఓయ్‌గెన్‌ మెర్హర్‌ అనే కుర్రాడు. ఎవరూ అడగకుండా, ఎవరూ డబ్బివ్వకుండా చేతనైంది చూపించుకోడానికి తీసే ఇలాంటివాటిని ‘స్పెక్‌ యాడ్‌’ అంటారు. పెళ్లిచూపుల్లో పాట పాడి వినిపించడం లాంటిదన్నమాట.

ఇప్పుడు మన స్కూళ్లలోనూ ప్రాజెక్టు పేరుతో ‘ఓ ప్రకటన తీసుకురండి’ అంటున్నారు. స్పోర్ట్స్‌ షూ అనగానే పిల్లలు ముందుగా చేసే పని... క్లాసులో బాగా పరుగెత్తేవాణ్ని పట్టుకురావడం. స్లో మోషన్‌, చెమట చుక్కలు, చివర్లో ఓ నినాదం. టీవీలో వెయ్యిసార్లు చూసిందే! మెర్హర్‌ సరిగ్గా దీన్నే తలకిందులు చేశాడు. పరుగెత్తడానికి ఎవరికి వీల్లేదో వాళ్ల కాళ్లకి బూట్లు తొడిగాడు. ఆయనకేం కావాలో తెలుసు, అడ్డం ఎవరో తెలుసు. ఇక మాటలతో పనేముంది? అందుకే జర్మన్‌ రాని వాళ్లకీ కథ అర్థమైపోయింది.

అలాంటి మనిషి మన చుట్టూ లేడా? శనివారం తెల్ల బూట్లకి సుద్దముక్క రుద్దుకొచ్చే పిల్లాడు ఉన్నాడు. పీటీ పీరియడ్‌ని లెక్కల మాస్టారికి అప్పగించిన తొమ్మిదో తరగతి ఉంది. ఆటల్లో ఎప్పుడూ స్కోరు రాసే పనే దొరికే అమ్మాయి ఉంది. కథని ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే కెమెరా ముట్టుకోకపోవడమే మంచిది.

ఆ తర్వాత లెక్క. షాటుకి మూడు సెకన్లు అనుకుంటే ముప్ఫై సెకన్ల ప్రకటనలో పట్టేవి పదే షాట్లు. నోటుబుక్కులో పది గళ్లు గీసి, గడికో బొమ్మ వేసుకోవాలి. బొమ్మ చక్కగా రానక్కర్లేదు, గీతల మనిషి చాలు. ఏ బొమ్మ కొట్టేసినా కథ అర్థమవుతోందంటే అది అక్కర్లేదన్నట్టే. పిల్లలు తగువుపడేదీ ఇక్కడే, ఎవరి బొమ్మ వాళ్లకి ముద్దు కదా! గ్రౌండ్‌ వాడుకోడానికి హెడ్‌మాస్టారి అనుమతి, ఎండ ముదరకముందే షూటింగ్‌, బూట్లు రెండు జతలు (ఒకటి తడిస్తే ఇంకోటి)... ఇవన్నీ ముందురోజే చూసుకోవాలి. సినిమా పాట పెట్టేయడం సులువే కానీ అది వేరొకరి సొత్తు. డ్రిల్లు మాస్టారి విజిలూ, బడిగంటా ఉన్నాయిగా. నిజం కంపెనీ పేరు వాడితే, ఇది స్కూలు ప్రాజెక్టేనని చివర్లో ఓ ముక్క రాయడం మర్యాద.

మెర్హర్‌ తన ప్రకటనని అడిడాస్‌కి పంపాడు. అటునుంచి సరైన స్పందన రాలేదని తర్వాత చెప్పాడు. కొత్తవాళ్లకి ఇదేం వింత కాదులెండి. 2016 డిసెంబరులో అది యూట్యూబ్‌లోకి వచ్చింది. కొద్ది రోజుల్లోనే లక్షలమంది చూశారు. ఈ కుర్రాణ్ని వెంటనే పనిలోకి తీసుకోండంటూ కంపెనీకి సలహాలిచ్చినవాళ్లకి లెక్కలేదు.