పదునెరిగి విత్తవలెను

నవంబరు 14 మొదలు 20 వరకు తెలుగునాట ఏటేట గ్రంథాలయ వారోత్సవములు జరుగును. శాఖా గ్రంథాలయముల వాకిళ్లకు మామిడాకు తోరణములు కట్టుదురు. గ్రంథాలయోద్యమ సారథులైన అయ్యంకి, గాడిచర్ల, పాతూరి ప్రభృతుల చిత్రపటములకు పూలదండలు వేయుదురు. బడిపిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖన పోటీలు పెట్టి, కడపటినాడు సభచేసి బహుమతులు పంచుదురు. ఎనిమిదవనాటికి తోరణములు వాడిపోవును. ఆ వారోత్సవములను పురస్కరించుకొని వెలువడుచున్న ఈ సంచికను పదమూడు మొదలు పందొమ్మిదేండ్ల నడిమి ప్రాయమువారి పఠనమునకు అంకితము చేసి, అందును మా దృష్టిని కర్నూలు, కడప సీమలపై నిలిపితిమి.

గ్రంథాలయోద్యమ మనగానే మనకు కృష్ణాతీరమే స్ఫురించుట పరిపాటి. 1914లో బెజవాడలో సమావేశమైన తొలి మహాసభయు, 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై నడిపించిన పడవ గ్రంథాలయమును అందుకు కారణములు. కాని ఆ యుద్యమమునకు పెక్కేండ్లు పెద్దదిక్కై నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూలున జన్మించినవారు. 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై 1908లో చెరసాల కేగిన ఆ ధీరుడు, పిమ్మట వయోజనవిద్యకును గ్రంథాలయములకును తన జీవితమును ధారవోసెను. ఆయన కన్నుమూసిన 1960వ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము వెలసినది. ఇక కడప మాట. 1820లో అక్కడికి ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌనుకు అప్పటికి ఇరువదిరెండేండ్లైనను నిండలేదు. తరువాతి కాలమున ఆ యూరనే ఒక బంగళా కొని, పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టి, ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని తాళపత్ర ప్రతులను తెప్పించి, పాఠభేదములు గుర్తింపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. శిథిలమైపోయిన ఆ బంగళా తావున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు చందాలు ప్రోగుచేసి పట్టుదలతో నిలబెట్టిన గ్రంథాలయమే నేడు యోగివేమన విశ్వవిద్యాలయమున కనుబంధమైన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము.

ఇంతటి చరిత్రగల సీమలో నేటి గ్రంథాలయమునకు వచ్చువారెవరు? ఉదయము తలుపులు తెరచునప్పటికే సంచులు భుజాన వేసికొని మెట్లమీద వేచియుండువారు గ్రూప్సు, డీఎస్సీ, కానిస్టేబులు పరీక్షలకు సిద్ధమగు యువకులు. వారి బల్లలమీద కనబడునవి గైడ్లు, కరెంట్ అఫైర్స్ మాసపత్రికలు, నీళ్ల సీసాలు. పత్రికల గదిలో పింఛనుదారులైన పెద్దలు. వేసవిలో విజ్ఞాన శిబిరములు పెట్టినపుడు చిన్నపిల్లలు వచ్చి, కథలు విని, బొమ్మలు గీసి, చదరంగమాడి, బడులు తెరవగానే వెళ్లిపోవుదురు. ఎనిమిదవ తరగతినుండి ఇంటర్మీడియట్ వరకు చదువు పిల్లవాడు మాత్రము ఎక్కడను కానరాడు. శిబిరమునకు వాడు పెద్దవాడు. పోటీపరీక్షల బల్లకు చిన్నవాడు. ఇంటర్మీడియట్‌లో చేరినంతనే హాస్టలు గోడల నడుమ ఈఏపీసెట్, నీట్ తప్ప మరియొక పుస్తకమున్నదన్న సంగతియే వానికి తెలియనీయరు. సీమ రైతు వాన కురిసినంతనే విత్తడు, నేల ఆరిపోవువరకు ఆగడు. పదును చూచి గొర్రు కట్టును. చదువరి తయారగుటకును అట్టి పదునొకటి గలదు, అది ఈ యారేడేండ్లే.

మేముండు ఈ అమెరికా దేశమున ఈ సత్యమును తొలుత గుర్తించినవారిలో బాల్టిమోరు నగరపు ఈనక్ ప్రాట్ గ్రంథాలయమున యువపాఠక విభాగమును నడిపిన మార్గరెట్ ఎడ్వర్డ్స్ ఎన్నదగినది. తన సహాయకులు యువకులకు తగిన పుస్తకములను వందలకొలది స్వయముగా చదివి, తనతో చర్చించినగాని వారిని ఆ పనికి అర్హులుగా ఆమె లెక్కించెడిది కాదు. 1940వ దశకమున గుర్రపు బండిలో పుస్తకములు నింపుకొని పేదవాడలకు పోయెను. పట్టిక చూచి చెప్పిన సిఫారసు కుర్రవాని చెవికెక్కదు. చదివి మెచ్చినవాని కన్నులలోని వెలుగును మాత్రము వాడు ఇట్టే పసిగట్టును. దీనికి మేము చేర్చునది ఒక్కటే: ఈ ప్రాయమువానికి పుస్తకము చేతికిచ్చిన చాలదు, దానితో చేయదగిన పని యొకటి కూడ ఈయవలెను.

'కొండపొలం' తీసికొందము. కడప జిల్లాకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ఈ నవల, కరవుకాలమున గొర్రెల మందలను నల్లమలకు తోలుకొనిపోవు కాపరుల కథ. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందినది, 2021లో చలనచిత్రమైనది. సినిమా చూచిన పిల్లలకు నవల నిచ్చి, రెంటికిని గల భేదములపై వాదులాడనిచ్చి, ఒక ఆదివారము అడవికి మందనుతోలిన కాపరి నొకనిని గ్రంథాలయమునకు పిలిచి కుర్చీవేసి కూర్చుండబెట్టినచో, ఆనాటి గోష్ఠికి వేరొక ముఖ్య అతిథి యక్కరలేదు. కేతు విశ్వనాథరెడ్డిగారి కథలు చదివిన పిల్లలకు ఆయనయే చేసిన 'కడప ఊర్ల పేర్లు' అను పరిశోధనను చూపి, తమతమ మండలములోని ఊళ్లకు, వంకలకు, గుట్టలకు పేర్లెట్లు వచ్చెనో అవ్వతాతల నడిగి ఒక పటము గీయుడని చెప్పవచ్చును.

వేంపల్లె షరీఫ్ 'జుమ్మా', వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి' – రెండును కడప జిల్లా కథకులవి, రెండును కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారము పొందినవి. తమ యింటి మాట అచ్చులో చదువుకొనుటలోని ఆనందము కుర్రవారికి కలుగవలెనన్న ఇవి చాలును. కర్నూలు రచయిత ఎం. హరికిషన్ సేకరించిన జానపద కథలను చదివినపిమ్మట, ఒకే కథను ముగ్గురవ్వలచేత చెప్పించి, మూడు విధములుగను వ్రాసి, ఎక్కడెక్కడ మారెనో ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టించవలెను; బ్రౌను పండితులు చేసినదియు ఇదియే గదా! నండూరి రామమోహనరావుగారి 'నరావతారం' చదివినవారిని, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వకములు జరిపిన బేతంచెర్ల చేరువలోని బిళ్లసుర్గం గుహలకు తీసికొని పోవచ్చును. ఆ పర్యటననుండి తిరిగివచ్చినవానికి మానవ పరిణామము పరీక్షలోని యొక ప్రశ్నగా మాత్రము మిగులదు. ఎఱ్ఱగుడి అశోక శాసనములకును, తొలి తెలుగు శాసనమని పేరొందిన కలమళ్ల శాసనపు తావునకును ఇట్లే పోవచ్చును.

ఇక వ్రాయదలచినవారు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు పసితనము వీడని వయసున వ్రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యమే తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైన వృత్తాంతమును ఈ పిల్లలకు తప్పక చెప్పవలెను. చెప్పి, గ్రంథాలయపు గోడమీద నాలుగడుగుల చోటు గోడపత్రికకు విడిచి, దానికి సంపాదకులను వారిలోనుండియే ఎన్నుకొనుడనవలెను. పెద్దలు అచ్చుతప్పులు దిద్దినను అభిప్రాయములు దిద్దరాదు.

ఇదంతయు జరుగుటకు ధన మెక్కడిదని యడుగువారుందురు. చట్టము ప్రకారము ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయముల సెస్సు. స్థానికసంస్థలు వసూలు చేసిన ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరదన్న ఫిర్యాదు ఏండ్లుగా విననగుచున్నది. అది ప్రభుత్వములు తీర్చవలసిన బాకీ, దానిని అడుగుట పౌరుల హక్కు. ప్రవాసులమైన మనమును తప్పులేనివారము కాము. ఇక్కడి పిల్లలు చదివి విడిచిన ఆంగ్ల పుస్తకములను పెట్టెలకెత్తి ఓడలో పంపి, అవి తెరువబడక మూలబడియున్నవని తెలిసియు, మరల పంపుచున్నాము. వాకిట చలువరాతిపై పేరు చెక్కించుకొనుటకు ఇచ్చినంత ఉదారముగా లోపలి అలమరకు ఈయము. కర్నూలు పిల్లవాడు ఏమి చదువగోరునో కర్నూలు పిల్లవానినే అడిగి, అక్కడి అంగడిలోనే కొనిపించుట తేలికయు, చౌకయు.

కావున మా మనవి యిది. మన సంఘ సభ్యులలో కర్నూలు, కడప సీమలవారు తమ మండలపు శాఖా గ్రంథాలయమునకు ఒక్క అలమర బాధ్యత వహింపుడు. గ్రంథాలయాధికారిని సంప్రదించి, పైన చెప్పినవానితో మొదలిడి, ఏటేట ఇరువది ముప్పది పుస్తకములు అక్కడి పిల్లల కోరికమేరకు కొనుటకు సొమ్ము పంపుడు. నెలకొక ఆదివారము ఆ పిల్లలతో కూర్చుండుటకు, చదివిన యుపాధ్యాయు నొకనిని, వీలుకానిచో డిగ్రీ విద్యార్థి నొకనిని కుదిర్చి, వారి శ్రమకు తగిన గౌరవవేతన మిండు. ఇక్కడ పెరుగుచున్న మన పిల్లలును ఆ నెల ఆ పుస్తకమునే చదివి, తెలుగు రానివారు పెద్దలచేత చదివించుకొని, వీడియోలో అక్కడివారితో మాటలాడునట్లు చూడుడు. ఏయే గ్రంథాలయమును ఎవరు చేపట్టిరో వ్రాసి పంపినచో, వచ్చు సంచికనుండి ఆ వివరములను, ఆ గోడపత్రికలలోని మేలైన రచనలను ఈ పుటలలో ప్రకటింతుము. పేర్లు చెక్కించుటకు రాయి మాత్రము మావద్ద లేదు.